ఐదో గడిలోని పెంకు

మార్గశిర శుద్ధ విదియ, ఆదివారం.

మా చిన్న తోడికోడలు పోయి నేటికి పదమూడు రోజులు. విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పదిహేడో నాడు, మంగళవారం పొద్దున్న ఏడూ పదికి, తన మంచం మీదే పోయింది. వయసు అరవై ఒకటి. బరువు తెలియదు. ఏడాదికి పైగా ప్రతి సోమవారం గ్రాములతో సహా రాసిన నా పుస్తకంలో ఆఖరి ఆరు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

గ్రంథాలయం వారు నెలనెలా గోడకు అంటించే చిన్న పత్రికకు, ఈ సాయంత్రానికల్లా, ఆమె మీద నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలే రాస్తాను, అయితే నిజమైనవి మాత్రమే రాస్తాను. కర్మలయ్యాక మొదటి సోమవారం రేపే. ఆమె చావు గురించి చోడవరంలో మా వీధి పొడుగునా ఒక కథ నడుస్తోంది. తిండి మానేసి, ఈ వయసులో గంతులు వేసి పోయిందట. ఒక ముసలి పంతులమ్మ పుస్తకం పట్టుకుని వెంటపడి చంపిందట. ఆ పంతులమ్మను నేనే. ఆ కథ విని, మాతో నడిచేవాళ్ళు మానేశారు. అందులో ఒకరు ఆమె కూతురు సుజాత. ముప్పయ్యారేళ్ళ మనిషి, టైలరింగ్ షాపులో రోజుకు పది గంటలు మిషను ముందు కూర్చుంటుంది, తొంభై రెండు కిలోలు, కిందటి వేసవి నుంచి షుగరు. రేపు సుజాత వస్తుందా, రాదా? నాకు ఇప్పుడు మిగిలిన లెక్క అదొక్కటే. అందుకే ఈ రోజే రాస్తున్నాను.

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి పంతొమ్మిదేళ్ళు. నేను అప్పటికే ఏడేళ్ళ పాత కోడలిని, హైస్కూల్లో లెక్కల టీచరుని. ఆమె చదువు ఐదో తరగతి. మంచి రంగు, గుండ్రటి మొహం, నిండైన ఒళ్ళు. గడప దాటి లోపలికి వచ్చి పీట మీద కూర్చోబోతుంటే, "ఈ పిల్లకి పీట చాలదు, అరుగు చూపించండి" అన్నాను. ఇంట్లో ముప్పైమంది నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది. ఆమె నవ్వింది కాబట్టి, నలభై రెండేళ్ళు ఆ మాటను నేను హాస్యం కింద జమ కట్టుకున్నాను. అది హాస్యం కాదు. ఆమె నవ్వడం ఆమె గొప్ప.

ఇద్దరివీ పక్కపక్క వాటాలు. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు ఆమె ఎప్పుడూ వేసేది కాదు, నేను ఎప్పుడూ తెరిచేదాన్ని కాదు. మావి చెరకు పండే పొలాలు, ఆమె చెయ్యి బెల్లం తిరిగిన చెయ్యి. చిమ్మిలి, పాకుండలు, పాకం గారెలు, ఏదో ఒకటి స్టీలు గిన్నెలో పెట్టుకుని ఆ తలుపులోంచి వచ్చేది. "తినక్కా, నీ ఒంట్లో ఎముకలు సూసి పాఠాలు సెప్పుకోవచ్చు" అనేది. నేను ఒకటి తిని, మిగిలినవి లెక్కపెట్టి తిప్పి పంపేదాన్ని. తిప్పి పంపినవి ఆమె తినేది. పారేయడం ఆమెకు తెలియదు. నలభై ఏళ్ళ పాటు ఇల్లంతా వదిలేసినదీ, పిల్లలు కొరికి పెట్టినదీ, గిన్నె అడుగున మిగిలినదీ ఆమె ఒంట్లోకే వెళ్ళింది. మేమంతా ఆ ఒళ్ళు చూసి నవ్వాం.

కిందటేడు శ్రావణంలో మోకాళ్ళు పట్టేశాయి. నేల మీద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. డాక్టరు ఫొటో తీసి, పదిహేను కిలోలు తగ్గి వస్తే ఆపరేషన్ సంగతి అప్పుడు ఆలోచిద్దామన్నాడు. ఆమె ఇంటికొచ్చి నా గుమ్మంలో నిలబడి, "అక్కా, పదేను కిలోలంటే ఎంత?" అని అడిగింది. "ఒక బెల్లం దిమ్మ కంటే ఎక్కువ" అన్నాను. "ఓలమ్మో! దిమ్మని నడుముకి కట్టుకుని తిరుగుతన్నానేటి నాను?" అంది. ఆ వారమే పుస్తకం తెరిచాను. ఆమె కోసం అని అందరితో చెప్పాను. నిజానికి రిటైరైన తరవాత దిద్దడానికి నాకు పేపర్లు లేవు. ఆమె దొరికింది.

మా వీధి చివర బెల్లం వర్తకుల షెడ్డు ఉంది. దిమ్మలు తూచే కాటా అక్కడ ఉంటుంది, వంద గ్రాముల తేడా కూడా పట్టేస్తుంది. సోమవారం పొద్దున్న ఆరింటికి, బళ్ళు రాకముందు, దాని మీదే తూగుదామని నిర్ణయించాను. నలుగురం. ఆమె, సుజాత, సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న నూకరత్నం, నేను. నాకు తగ్గవలసిందేమీ లేదు, ఒంటి వరకు.

మొదటి తూకానికి షెడ్డు గుమస్తా చూస్తున్నాడు. ఆమె కాటా ఎక్కగానే ముల్లు చూసి, "మేడంగారూ, ఏడు దిమ్మలూ పైన కొసరండి" అన్నాడు. నూకరత్నం పడి పడి నవ్వింది. ఆమె కాటా మీద నుంచే, "ఒరే బాబూ, మంచి సరుకే గదా, గోనె కప్పి ఓ మూలెట్టేయ్" అంది. నేను ఎనభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు అని పైకి చదివి రాశాను. పైకి చదవక్కర్లేదు. రాస్తే చాలు. అయినా చదివాను. వారం వారం చదివాను. సిగ్గుపడితే తగ్గుతారని ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల మార్కులు పైకి చదివిన అలవాటు.

మొదటి నెలలో మేము చేసిన తప్పు బెల్లం ఊళ్ళో పుట్టినవాళ్ళు మాత్రమే చేసే తప్పు. పంచదార మానేశాం. దాని బదులు కాఫీలో బెల్లం, అంబలిలో బెల్లం, మజ్జిగలో కూడా బెల్లం. మందు వేసుకున్నంత ధీమాగా వేసుకున్నాం. బెల్లం మనది, మంచిది, ఒంటికి పట్టదు అన్నది మాకు ఎవరూ నేర్పకుండా వచ్చిన నమ్మకం. నాకూ వచ్చింది, ఎమ్మెస్సీ చదివినదాన్ని. నెల తిరిగేసరికి ఆమె ఎనభై ఏడు కిలోల వంద గ్రాములు. నేను పుస్తకం మూసి, "నువ్వు దొంగతనంగా తింటున్నావు" అన్నాను నలుగురి ముందూ. ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున్న తన కాఫీ గ్లాసు, నా కొలతల గరిట పట్టుకొచ్చి, రోజంతా ఎంత బెల్లం పడుతోందో నా ముందే తీసి పోసి చూపించింది. పావు కిలోకి కొంచెం తక్కువ. "దొంగతనం నేదక్కా. ఇది నీ కళ్ళముందే తిన్నాను" అంది. నేను క్షమాపణ చెప్పలేదు. పుస్తకంలో "బెల్లం కూడా పంచదారే" అని రాసుకున్నాను.

నా పద్ధతి ఒక్కటే, రోజూ హైస్కూలు గ్రౌండు చుట్టూ పన్నెండు చుట్లు, నోరు మూసుకుని. మూడు వారాలు నడిచారు. నాలుగో వారం సుజాత నిద్రపోయింది, నూకరత్నానికి పిండి రుబ్బే పని పడింది, మా తోడికోడలు దుప్పటి కప్పుకుని పడుకుంది. దుప్పటి లాగాను.

"లేవవే. పన్నెండు చుట్లు."

"రోజూ బీరకాయ కూరే వండితే నువ్వు తింటావేటక్కా?"

"తింటాను."

"నువ్వు తింటావు. నువ్వు మనిషివి కాదు. మాకు రోజుకో రుసి ఉండాల."

అలా మొదలైంది ఆమె పద్ధతి. వ్యాయామం మీద నాకు తెలిసినదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఒక రోజు గోవాడ రోడ్డు మీద కరెంటు స్తంభాల లెక్కన నడవడం. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పరుగులాంటి నడక, ఆ పై స్తంభానికి నెమ్మది. ఇంకో రోజు చెరో చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని పెరడు చుట్టూ. గురువారం కొండ గుడి మెట్లు, ఎక్కేటప్పుడు మాట్లాడకుండా, దిగేటప్పుడు ఊళ్ళో వాళ్ళందరి గురించీ మాట్లాడుతూ. మోకాళ్ళు ఒప్పుకోని మొదటి నెలల్లో ఆమె మూడు మెట్లెక్కి కూర్చుని, మిగిలినవి మా చేత ఎక్కించేది. ఒక రోజు చాప మీద కాళ్ళూ చేతులూ చాచడం. ఒకే కండరాన్ని రోజూ తిడితే అది మాట వినడం మానేస్తుందని ఆమె సిద్ధాంతం. "నా మొగుడి మీద సూసేను గదా" అనేది. ఆదివారం ఏమీ లేదు. ఆ రోజు అందరికీ ఒక్క పాకుండ. ఒక్కటే. పండగలా తినేవాళ్ళం.

తిండి కూడా ఆమే మార్చింది. నేను కాగితం మీద గ్రాములు రాసిచ్చాను, ఎవరూ చూడలేదు. ఆమె కంచంలో వరస మార్చింది. ముందు కూర, తరవాత పప్పు, ఆఖరికి అన్నం. ఆనపకాయ, తోటకూర, తెలగపిండి వేసిన మునగాకు, ఇవి సగం కంచం నిండాలి. అవి తిన్నాక అన్నం ఎంత కావాలంటే అంత పెట్టుకోమనేది. అప్పటికి ఎవరికీ ఎక్కువ పట్టేది కాదు. పొద్దున్న రాగి పిండితో చోడి అంబలి, ఉప్పూ మజ్జిగా కలిపి. సాయంత్రం ఉడకబెట్టిన వేరుసెనగ గుప్పెడు. గిన్నె అడుగున మిగిలినదాన్ని మొదటిసారి ఆమె ఆవుకి పెట్టిన రోజు నాకు గుర్తుంది. గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "నలభయ్యేళ్ళు ఆవు పని నాను సేసేను" అంది. నవ్వలేదు.

మొదటి పెరుగుదల పోగా, పది నెలల్లో తొమ్మిదిన్నర కిలోలు తగ్గింది. నెలకు కిలో కంటే కొంచెం తక్కువ. చూడముచ్చటైన లెక్క. చైత్రంలో ఒక వారం మాత్రం గ్రాము కదల్లేదు. "సున్నా" అని పైకి చదివాను. ఆ శనివారం ఆమె ఎప్పటిలాగే షెడ్డు సిమెంటు నేల మీద సుద్దతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసింది. అప్పటిదాకా శనివారాలు ఆ గళ్ళలో రెండు కాళ్ళ మీదే నడిచేది. ఆ రోజు ఇంటి పెంకు ముక్క ఒకటి తీసుకుని మూడో గడిలోకి విసిరి, చీర కుచ్చిళ్ళు దోపి, ఒక కాలు ఎత్తింది. నేను వద్దన్నాను. ఒకటి, రెండు, మూడు గెంతి, వంగి పెంకు తీసి, తిరిగి గెంతుకుంటూ వచ్చింది. నూకరత్నం ఈల వేసింది. సుజాత ఏడ్చింది. ఆమె రొప్పుతూ నా పుస్తకం వైపు చూపించి, "నీ కాటా నానెంత ఉన్నానో సెప్తాదక్కా. ఎలాగున్నానో సెప్పదు" అంది. నేను ఆ మాటను చదువుకోని మనిషి గడుసుతనం అనుకున్నాను.

ఇక ఈ శ్రావణం దగ్గరికి వస్తున్నాను. ఇక్కడి నుంచి నాకు రాయడం ఇష్టం లేదు, అయినా రాస్తాను.

శ్రావణం మొదటి సోమవారం డెబ్బై ఏడు కిలోల ఆరు వందలు. రెండో సోమవారం ఏడు వందల గ్రాములు తగ్గింది. మూడోది ఎనిమిది వందలు. నాలుగోది తొమ్మిది. పది నెలలు నెలకో కిలో తగ్గిన మనిషి వారానికో కిలో తగ్గుతోంది. నడకలో మార్పు లేదు, వంటలో మార్పు లేదు. పదో తరగతి పిల్లకి ఇలాంటి అంకెలిచ్చి గ్రాఫు గీయమంటే, గీత అకస్మాత్తుగా ఎందుకు విరిగిందని అడుగుతుంది. అడగకపోతే నేను మార్కు కోసేదాన్ని. నేను అడగలేదు. ఎర్ర పెన్నుతో ఆ వారాల కింద గీతలు గీశాను.

ఆమె చెప్పింది. దాచలేదు. ఆ తప్పు నా మీద వేయడానికి వీల్లేకుండా ఆమె మీదకు తొయ్యాలని నాకు ఒక రాత్రంతా అనిపించింది, కాని ఆమె చెప్పింది. మధ్య తలుపులో నిలబడి, "అక్కా, ఆకలేయట్లేదే. ముద్ద నోట్లో ఎడితే సేదుగా ఉంటంది" అంది.

"చేదుగా ఉంటే తినకు. మంచిదే. ఆకలి అదుపులోకి వచ్చిందన్నమాట" అన్నాను.

"అదుపులోకా?" అని ఒక్క క్షణం ఆలోచించి, "నువ్వు సెప్పేవంటే సరే" అని వెళ్ళిపోయింది. చదువుకున్నదాన్నని నన్ను నమ్మింది.

నూకరత్నం నమ్మలేదు. ఆరో వారమో ఏడో వారమో, కాటా దగ్గర ఆమె గెడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి, "ఒలే, కళ్ళు సూడండే దీనివి. పసుపు రాసినట్టున్నాయి. పంతులమ్మగారూ, ఈ మనిసికి ఏదో అయ్యింది, డాక్టరు కాడికి తీసికెళ్ళండి" అంది.

అప్పటికి నూకరత్నం మూడు వారాలుగా ఒక్క గ్రాము తగ్గలేదు. "నువ్వు తగ్గలేక దాన్ని చూసి ఓర్వలేకపోతున్నావు" అన్నాను.

నూకరత్నం నోరు పెద్దది. ఆ రోజు మాత్రం పిండి గిన్నె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత రెండు వారాలు రాలేదు. మా తోడికోడలు మాత్రం, "దాన్నెందుకక్కా అలాగన్నావు. పాపం నిజంగానే సూసింది" అంది. నిజంగానే చూసింది అన్న మాట రెండు విధాలా నిజం: ప్రేమతో చూసింది, ఉన్నది చూసింది.

పదో సోమవారం అరవై ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. మొదలెట్టిన నాటి నుంచి పదిహేడున్నర కిలోలు. డాక్టరు అడిగినదానికంటే రెండున్నర ఎక్కువ. నేను ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ పిల్ల పేపరు మీదా రాయని మాట ఆ పేజీలో రాశాను. "భేష్." చదివి వినిపించాను. ఆమె కాటా దిగి, పుస్తకం తీసుకుని, ఆ అక్షరాలు వేలితో తడిమింది. "ఏటిదీ, నాకేనా?" అంది. మొహం మీద చర్మం వేలాడుతోంది. సంతోషంతో వెలుగుతోంది అనుకున్నాను. నిజానికి అది పసుపు.

ఆ శనివారం తొక్కుడుబిళ్ళ. పెంకు ఐదో గడిలో పడింది. ఆమె నాలుగో గడిదాకా గెంతి, ఎత్తిన కాలు దించకుండానే పక్కకు ఒరిగిపోయింది. సుజాత పట్టుకుంది. పట్టుకున్నాక సుజాత మొహం చూశాను. తల్లి ఇంత తేలికగా ఉంటుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరుకి మా మనవరాలి వయసుంటుంది. స్కానింగ్ కాగితాలు చూసి, బరువు ఎన్నాళ్ళుగా తగ్గుతోందని అడిగింది. నేను సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను. గర్వంగానే ఇచ్చాను. ఆ అమ్మాయి మొదటి పేజీ నుంచి చదివింది, తొందర లేకుండా. ఎర్ర గీతల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈ గీతలు ఎవరు గీశారండీ?"

"నేనే."

"ఎందుకు?"

"బాగా తగ్గిందని."

ఆ అమ్మాయి పుస్తకం మూసి నా వైపు జరిపింది. "ఇంత శుభ్రంగా రాసిన రికార్డు మా ఆసుపత్రిలో కూడా ఉండదమ్మా. పది వారాలుగా ఇది మీకు చెబుతూనే ఉంది" అంది.

క్లోమంలో కేన్సరు. కాలేయం దాకా పాకింది. పది వారాల ముందు తెచ్చినా ఏమయ్యేదో చెప్పలేమని తరవాత వరండాలో అంది, జాలిపడి. ఆ జాలి నేను తీసుకోలేదు. ఏమయ్యేదో తెలియదంటే, ఏదో ఒకటి అయ్యేదని కూడా.

నడక వల్ల రాలేదు, అంబలి వల్ల రాలేదు, గెంతడం వల్ల రాలేదు. ఇది ఆ డాక్టరు చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. పైగా ఆ పది నెలల నడక వల్లే ఆ స్థితిలో కూడా తన కాళ్ళ మీద తను బాత్రూముకి వెళ్ళగలుగుతోందని అంది. వీధిలో కథ చెప్పుకునేవాళ్ళు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. ఆమె తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ ఉందో, ఎవరిదో పైన రాశాను.

ఇంటికి తెచ్చాక మధ్య తలుపు తీసి, నా కుర్చీ ఆమె మంచం దగ్గర వేసుకున్నాను. నలభై రెండేళ్ళలో నేను ఆ తలుపు దాటి అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ఒక మధ్యాహ్నం, "పుస్తకం సదువు" అంది. మొదటి నుంచి చదివాను, నెమ్మదిగా. "ఏడు దిమ్మలు" దగ్గర నవ్వింది. "బెల్లం కూడా పంచదారే" దగ్గర నవ్వింది. భేష్ ఉన్న ఆఖరి పేజీకి వచ్చాను.

"ఆగు. అది కొట్టేస్తావేటి?"

"కొట్టేస్తాను" అన్నాను. పెన్ను చేతిలోనే ఉంది.

"వద్దు. ఇంత బతుకులో నీకాడ నాకు వచ్చిన మార్కు అదొక్కటే. ఉండనీ." కాసేపు ఊపిరి తీసుకుంది. "దాని పక్కన ఇంకోటి రాయి."

"ఏం రాయను?"

"ఆకలి నేదన్నాది, అని రాయి. ఆ పది వారాలకీ రాయి. నువ్వు రాయనేదు గాని, నాను సెప్పేను గదా."

రాశాను. పది వరసల పక్కన పదిసార్లు. ఆమె ప్రతిదీ వేలు పెట్టి చూసుకుంది. ఐదో తరగతి చదువుతో నా లెక్క దిద్దింది. ఎక్కడా గట్టిగా మాట్లాడలేదు. నేను పిల్లల పేపర్లు దిద్దినప్పుడు అలా ఒక్కసారైనా దిద్ది ఉంటే బాగుండేదని ఆ మధ్యాహ్నం అనిపించింది. ఆ మర్నాడు మాట పడిపోయింది.

ఒక్కటి మిగిలింది, అదీ రాయాలి. పదో రోజు, వచ్చినవాళ్ళంతా భోజనాలకు లేచాక, సుజాత నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, నీ పుస్తకం ఎక్కడుంది? అమ్మతో పాటే కాల్చేయాల్సింది. భేష్ అని రాసేవు గదా. సచ్చిపోతన్న మనిసికి భేష్ అని రాసేవు."

నేను వినాలి. అంతే చెయ్యాలి. దాని బదులు, "భేష్ నేను రాశాను. ఆ పది వారాల్లో జాకెట్లు ఎవరు బిగించి కుట్టారే?" అన్నాను.

సుజాత తల్లి జాకెట్లన్నీ తనే కుట్టేది. మొదట్లో నెలకోసారి కుట్లు బిగించింది. శ్రావణం తరవాత వారానికోసారి. కత్తెర పట్టుకుని నవ్వుతూ, "అమ్మా, సిన్నపిల్లవైపోతన్నావు" అనేది. నేను విన్నాను.

నా మాటకి సుజాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఇంట్లో వాళ్ళు చేతులు పట్టుకుని లేపారు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు, నడకకి రాలేదు, పంచదార వేసిన టీ తాగుతోందని నూకరత్నం చెప్పింది. తూకం మీద ఇక జన్మలో కాలు పెట్టనని కూడా అందట.

నేను అన్నది నిజమే. నిజమైన మాటలన్నీ అనదగ్గవి కావని డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాక తెలుసుకున్నాను. ఆమెకి ఐదో తరగతికే తెలుసు. అందరూ చూశాం, సుజాతా. చూడటానికి నీకు ముప్పయ్యారేళ్ళు, ఒక మిషను, అమ్మ సన్నబడిందన్న సంతోషం మాత్రమే ఉన్నాయి. నాకు పుస్తకం ఉంది. కాబట్టి ఎక్కువ తప్పు నాది. ఈ మాట నీ ఇంటికొచ్చి చెబితే తలుపు వేస్తావని, ఊరందరూ చదివే చోట రాస్తున్నాను.

ఇక జరగవలసినవి.

1. రేపు తూకానికి ముందు, ఐదున్నరకే, నూకరత్నం ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు కాటా దగ్గర నేనన్న మాట తప్పని, పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళందరూ వినేలా చెప్పాలి. నూకరత్నం నన్ను తిడితే పూర్తయ్యేదాకా నిలబడాలి.

2. తూకం ఇక పైకి చదవకూడదు. ఎవరి అంకె వారికే. పుస్తకం సుజాత దగ్గరుండాలి. నాకు చూపించక్కర్లేదు.

3. పుస్తకంలో బరువు గడి పక్కన ఇంకో గడి గీశాను. దాని పేరు ఆకలి. ముందు అది నింపాలి, తరవాతే కాటా ఎక్కాలి.

4. నడకా తిండీ మారకుండా ఎవరికైనా రెండు వారాలు వరసగా ఎక్కువ బరువు పడిపోతే, ఆ రోజు అభినందనలు లేవు. ఆసుపత్రికే. కూడా నేను వెళ్తాను.

5. స్తంభాల నడక, బకెట్లు, కొండ మెట్లు, చాప, అన్నీ ఆమె పెట్టిన రోజుల ప్రకారమే జరగాలి. ఆదివారం ఒక్క పాకుండ. చెయ్యడం నాకు రాదు. నేర్చుకోవాలి.

6. సుజాత తల్లి జాకెట్లు విప్పి పాత కొలతకు కుట్టనక్కర్లేదు. అలాగే ఉంచాలి. చూసుకున్నప్పుడల్లా తననే తప్పు పట్టుకోకూడదు. పట్టుకోవాలనిపిస్తే నన్ను పిలవాలి, మధ్య తలుపు తీసే ఉంది.

7. షెడ్డులో సుద్ద గళ్ళు చెరిగిపోయాయి, గీత జాడ మాత్రం ఉంది. ఐదో గడిలో ఆ పెంకు పడ్డచోటే ఉంది. యాభై రోజుల నుంచి గుమస్తా షెడ్డంతా ఊడుస్తున్నాడు, దాని చుట్టూ మాత్రం చీపురు తిప్పుకుని పోతున్నాడు. నేను తీయబోతే, "మీది కాదు మేడంగారూ, ఆరి పిల్ల తీయాల" అన్నాడు. ఆటలో పద్ధతి కూడా అదే, విసిరినవాళ్ళ పక్షమే తీయాలి. సుజాత వచ్చి దాన్ని తీయాలి. మొదట్లో అమ్మ నడిచినట్టే, రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళి తీసినా చాలు.